వెండికి తూకం, వజ్రానికి సాక్ష్యం

కడప నుండి తిరుపతి వెళ్లే దారిలో సుమారు 25 కిలోమీటర్ల దూరాన మా ఒంటిమిట్ట ఉన్నది. ఊరి పేరు వినగానే అందరికీ కోదండరామాలయం గుర్తుకు వస్తుంది. ఆ ఆలయానికి సమీపంలోనే ఇమాంబేగ్ బావి అని ఒక పాత బావి ఉన్నది. కడప నవాబుల కాలంలో ఇమాంబేగ్ అనే అధికారి దానిని తవ్వించాడని ఊరి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఆ బావి ప్రస్తావన వచ్చినప్పుడల్లా మా జేజి ఒక మాట అంటూ ఉంటుంది: “నలుగురికి పోయిన సొమ్ము నిలబడతాది నాయనా. పెట్టెలో పడుండే సొమ్ము నల్లబడతాది.”

గత రంజాన్ మాసంలో జకాత్ లెక్క చూసుకోవడానికి మేము జేజి ట్రంకు పెట్టె తెరిచినప్పుడు ఆమె మాట అక్షరాలా నిజమని తేలింది. అడుగున పాత చీర ముక్కలో చుట్టిన కాళ్ల కడియాలు బొగ్గులాగా నల్లబడి ఉన్నాయి. వాటిపైన మా చెల్లెలి పెళ్లినాటి పట్టీలు తళతళా మెరుస్తున్నాయి. ఒక మూల, చిన్న ఎర్రని డబ్బాలో, మా మరదలి వజ్రపు కమ్మలు ఉన్నాయి. నాలుగేళ్ల క్రితం మా తమ్ముడు నికాహ్ సమయాన మహర్‌గా ఇచ్చినవి అవే. నికాహ్‌నామాలో సైతం నగదుతో పాటు “వజ్రపు కమ్మలు ఒక జత” అని రాసి ఉన్నది.

అన్నింటినీ తూచి, పరీక్ష చేయించి, ఒక పుస్తకంలో రాసుకుందామని ప్రొద్దుటూరుకు తీసుకుపోయాము. బంగారం వ్యాపారానికి మా జిల్లాలో పేరుపడిన పట్టణం అది. సాయంత్రానికి తేలిన లెక్క మమ్మల్ని ఆశ్చర్యంలో ముంచింది. నల్లని కడియాలలో నూటికి 92 పాళ్లు వెండి. మెరిసే పట్టీలలో 62 పాళ్లే వెండి, మిగిలినది ఇతర లోహం. ఇక కమ్మలలో 4 గ్రాముల బంగారం మంచిదే. కాని వాటిలోని రాళ్లు వజ్రాలు కావు.

నలుపు చూసి చిన్నచూపు చూసినది మేలిమి అయినది. మెరుపు చూసి మురిసినది తక్కువ అయినది. అన్నింటికంటే విలువైనదని దాచుకున్నది పేరుకు మాత్రమే వజ్రం అయినది. ఈ అనుభవం మరే కుటుంబానికీ కలగకూడదన్న ఉద్దేశంతో, వెండిని కాపాడుకోవడం గురించి, వజ్రం కొనడం గురించి మేము తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

వెండి ఎందుకు నల్లబడుతుంది?

వెండి నల్లబడితే అది కల్తీ అని చాలామంది అనుకుంటారు. అది సరైన అభిప్రాయం కాదు. గాలిలో అతి స్వల్పంగా ఉండే గంధకపు వాయువులు వెండితో కలిసినప్పుడు దాని పైభాగాన సిల్వర్ సల్ఫైడ్ అనే నల్లని పొర ఏర్పడుతుంది. మేలిమి వెండికి కూడా ఈ గుణం ఉన్నది. కోడిగుడ్డు, ఉల్లిపాయ, ఉన్ని బట్టలు, రబ్బరు వంటి వాటిలో గంధకం ఉంటుంది. కనుక వాటి సమీపంలో ఉంచిన వెండి త్వరగా నల్లబడుతుంది. చెమట, తేమ, అత్తరు కూడా అందుకు తోడవుతాయి. పట్టీలను రబ్బరు బ్యాండుతో కట్టి దాచే అలవాటు మన ఇళ్లలో ఉన్నది. బ్యాండు తగిలిన చోటనే నల్లని గీత పడటం చాలామంది గమనించే ఉంటారు.

నలుపు పోగొట్టడానికి బూడిదతోనో, పళ్లపొడితోనో గట్టిగా తోమడం మనకు తెలిసిన పద్ధతి. అలా తోమినప్పుడు నలుపుతో పాటు కొంత వెండి కూడా అరిగిపోతుంది. పదేళ్లు ఇలాగే తోమితే పట్టీల మీది పూల నగిషీ చదునైపోతుంది. ఇంతకంటే మేలైన ఉపాయం ఒకటి ఉన్నది. ఒక పింగాణీ గిన్నెలో అడుగున రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును పరచాలి. లీటరు వేడినీటిలో రెండు చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు కలిపి ఆ గిన్నెలో పోయాలి. వెండి వస్తువులను రేకుకు తగిలేటట్లు అందులో ఉంచాలి. కొద్ది నిమిషాలలో నలుపు తగ్గిపోతుంది. వెండిని పట్టుకున్న గంధకం అల్యూమినియం వైపు తరలిపోవడమే దీనిలోని రహస్యం. వెండి అరగదు, నల్లబడిన పొరలోని వెండి తిరిగి వెండిగానే నిలుస్తుంది. ఆ సమయంలో కుళ్లిన గుడ్డు వాసన కొంచెం వస్తుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి.

అయితే అన్ని నగలకూ ఈ పద్ధతి పనికిరాదు. ముత్యాలు, పగడాలు, అకీక్ రాళ్లు పొదిగిన నగలను, లోపల లక్క నింపిన గాజులను వేడినీటిలో వేయకూడదు. నగిషీ స్పష్టంగా కనబడటానికి కంసాలి కావాలని నల్లపరచిన నగలను కూడా ఇలా కడగరాదు. వాటిని మెత్తని నూలుగుడ్డతో తుడిస్తే చాలు. రోజూ ధరించే వెండికి గోరువెచ్చని నీరు, కొంచెం కుంకుడు రసం లేదా తేలికపాటి సబ్బు సరిపోతాయి. మా ప్రాంతంలోని బోరు నీటిలో లవణాలు ఎక్కువ. కడిగిన నగలను అలాగే ఆరబెడితే తెల్లని మచ్చలు పడతాయి. కనుక కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఇల్లు కడిగే బ్లీచింగ్ నీళ్లు తగలకుండా చూసుకోవాలి.

దాచుకునేటప్పుడు ఒక్కొక్క వస్తువును వేరువేరుగా మెత్తని నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరబడని సంచిలో ఉంచాలి. అందులో ఒక సుద్దముక్క వేస్తే తేమను కొంతవరకు పీల్చుకుంటుంది. ఉన్ని బట్టలు, రబ్బరు, అట్టపెట్టెలు వెండికి తగిన తోడు కాదు. తరచుగా ధరించే వెండి, పెట్టెలో ఉన్న వెండికంటే మెరుపుగా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోదగిన సంగతి.

వెండి కొనేటప్పుడు

స్వచ్ఛమైన వెండి చాలా మెత్తనిది. నగ గట్టిగా నిలవాలంటే కొంత రాగి కలపక తప్పదు. వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగిలినది సాధారణంగా రాగి ఉన్న మిశ్రమానికి ప్రపంచమంతటా మంచి పేరున్నది. కలపడం తప్పు కాదు. కలిపింది ఎంతో చెప్పకపోవడమే తప్పు. దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. తడిసిన ధాన్యాన్ని జనానికి కనబడేటట్లు పైన ఎందుకు ఉంచలేదని ఆయన వర్తకుణ్ణి ప్రశ్నించి, మోసం చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో నమోదై ఉన్నది. పట్టీలలోని రాగి కూడా ఆ తడి ధాన్యం వంటిదే. అది ఎంతో పైకి కనబడాలి.

వెండి బజారులో శుద్ధతను “టంచ్” అంటారు. 100 గ్రాముల పట్టీలు 62 టంచ్ అయితే వాటిలోని వెండి 62 గ్రాములు మాత్రమే. కొనేటప్పుడు టంచ్ ఎంత, మజూరీ ఎంత, తరుగు ఎంత అని విడివిడిగా అడగాలి. తిరిగి అమ్మితే ఏ లెక్కన తీసుకుంటారో కూడా అప్పుడే అడిగి, రసీదు మీద రాయించుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ వెండికి హాల్‌మార్క్ ఇస్తుంది. 800, 835, 925, 970, 990 వంటి అంకెలు శుద్ధతను తెలుపుతాయి. 2025 సెప్టెంబరు 1 నుండి వెండి నగలకు కూడా ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గుర్తు ఇవ్వడం మొదలైనది. బంగారానికి వలె ఇది తప్పనిసరి కాకపోయినా, అడిగి తీసుకోవడం మన చేతిలో ఉన్నది. ఆ గుర్తును బీఐఎస్ కేర్ యాప్‌లో నమోదు చేస్తే నగ వివరాలు కనబడతాయి.

తిరునాళ్లలోనూ ఉర్సులలోనూ అంగళ్లలో అమ్మే “జర్మన్ సిల్వర్” వస్తువుల పేరులో తప్ప లోపల వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం అది. అయస్కాంతానికి అంటుకోకపోతే వెండి అని కొందరు నమ్ముతారు. రాగీ, ఇత్తడీ కూడా అయస్కాంతానికి అంటుకోవు. కాబట్టి ఆ పరీక్ష ఇనుమును పట్టిస్తుందే గాని వెండిని నిరూపించదు.

పాత వెండి ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడు విశ్వాసులు మరొక జాగ్రత్త పాటించాలి. వంద గ్రాముల పాత పట్టీలు ఇచ్చి ఎనభై గ్రాముల కొత్త పట్టీలు తెచ్చుకోవడం మన ఇళ్లలో మామూలే. కాని వెండిని వెండితో మార్చుకున్నప్పుడు తూకం సమానంగా, ఇచ్చిపుచ్చుకోవడం అక్కడికక్కడే ఉండాలని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. హెచ్చుతగ్గులు వడ్డీ కిందికి వస్తాయి. నాసిరకం ఖర్జూరాలు ఎక్కువ ఇచ్చి మేలైనవి తక్కువ తెచ్చుకున్న సహచరునికి ఆయన చూపిన మార్గమే మనకూ మార్గం: ముందు ఉన్నదానిని రొక్కానికి అమ్మాలి, ఆ రొక్కంతో కావలసినది కొనాలి. అదే దుకాణంలో అయినా సరే, పాతవి అమ్మి డబ్బు చేతికి తీసుకుని, ఆ తరువాతనే కొత్తవి బేరం చేయాలి. ఇందులో లౌకిక లాభం కూడా ఉన్నది. రెండు బేరాలు వేరైనప్పుడు పాతదానికి ఎంత కట్టాడు, కొత్తదానికి ఎంత వేశాడు అన్నది స్పష్టంగా తెలిసిపోతుంది.

పెళ్లిళ్లకు వెండి గ్లాసులు, పసిపిల్లలకు వెండి ఉగ్గుగిన్నెలు బహుమతిగా ఇచ్చే ఆచారం తెలుగునాట విస్తారంగా ఉన్నది. వెండి, బంగారు పాత్రలలో తినడాన్నీ, తాగడాన్నీ దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. ఈ నిషేధం స్త్రీ పురుషులిద్దరికీ వర్తిస్తుంది. పురుషులకు బంగారం నిషిద్ధం, వెండి ఉంగరానికి అనుమతి ఉన్నది. దైవప్రవక్త (సఅసం) స్వయంగా ముద్ర వేయడానికి వెండి ఉంగరం వాడారు. కాబట్టి బహుమతి ఇవ్వదలచినవారు గిన్నెకు బదులు ఆడపిల్లకు పట్టీలు ఇస్తే ఆ ఇంటికి ఉపయోగపడుతుంది.

వజ్రాల సీమలో పుట్టి

వజ్రాల విషయంలో రాయలసీమవారు మోసపోవడం ఒక వింతే. ఎందుకంటే ప్రపంచానికి వజ్రాన్ని చూపించిన నేలల్లో మనదీ ఒకటి. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు లోకానికి వజ్రాలు ప్రధానంగా మన దేశం నుండే పోయేవి. కడపకు చేరువలో పెన్నా తీరాన ఉన్న చెన్నూరు వద్ద పూర్వం వజ్రాల కోసం తవ్వేవారు. కర్నూలు వైపు రామళ్లకోట, బనగానపల్లె రాతిపొరలు ఇందుకే ప్రసిద్ధి. ఈనాటికీ తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి ప్రాంతపు ఎర్రచేలలో జనం వజ్రాలు వెదుకుతూ తిరగడం పత్రికలలో చూస్తూనే ఉన్నాము. దొరికిన రాయి విలువ ఎంతో తెలియక దళారి చెప్పిన ధరకే ఇచ్చి వచ్చే పేదలు వారిలో ఎందరో.

ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో మన ప్రాంతంలో తిరిగాడు. 1652లో మా జిల్లాలోని గండికోటకు వచ్చి, గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లాను కలుసుకున్నాడు. ఆయన వర్ణించిన గనులలో ఒకటి రామళ్లకోటదేనని పండితులు గుర్తించారు. అక్కడి వర్తకుల పద్ధతులను ఆయన ఆసక్తిగా రాశాడు. రాత్రిపూట గోడ గూటిలో దీపం పెట్టి, వేళ్ల మధ్య రాయిని పట్టుకుని ఆ వెలుగులో దాని స్వచ్ఛతను పరిశీలించేవారట. బేరం మాత్రం నోటితో కాక, గుడ్డ మాటున చేతులు కలిపి, వేళ్లు నొక్కి సాగించేవారట. పక్కన కూర్చున్నవారికి ధర తెలిసేది కాదు.

ఆ బజారులో దాచినది ధర మాత్రమే. రాయి మాత్రం కొనేవాడి వేళ్ల మధ్య, దీపం ముందు ఉండేది. నేటి బజారులో తిరగబడింది. ధర చీటీ పెద్ద అక్షరాలతో వేలాడుతున్నది. రాయి ఏమిటన్నది గుడ్డ మాటున ఉండిపోయినది.

వజ్రం కొనేటప్పుడు

మా తమ్ముడి విషయంలో జరిగినది అదే. దూరపు నగరంలో ఒక దుకాణంలో 42,000 రూపాయలు పెట్టి కమ్మలు కొన్నాడు. అమ్మినవాడు నోటితో వజ్రాలన్నాడు. రసీదు మీద ఒకే ఒక వరుస ఉన్నది: “ఏ.డీ. టాప్స్ ఒక జత”, దాని ఎదుట మొత్తం ధర. బంగారం తూకం లేదు, రాళ్ల తూకం లేదు, ధ్రువపత్రం లేదు. “ఏ.డీ.” అంటే అమెరికన్ డైమండ్ అని మాకు నాలుగేళ్ల తరువాత తెలిసినది. అమెరికన్ డైమండ్ అన్నది క్యూబిక్ జిర్కోనియా అనే కృత్రిమపు రాయికి మన బజారు పెట్టిన పేరు. దానికి అమెరికాతోనూ సంబంధం లేదు, వజ్రంతోనూ సంబంధం లేదు. రసీదు తీసుకుని వెళ్లి అడిగితే, అందులో రాసినదే ఇచ్చామని వారు చెప్పారు.

వజ్రమని అమ్మే రాళ్లలో మూడు తెగలున్నవి. మొదటిది భూగర్భంలో పుట్టిన సహజ వజ్రం. రెండవది ప్రయోగశాలలో పెంచిన వజ్రం. ఇది నకిలీ కాదు. గుణంలో, గట్టితనంలో వజ్రమే. కంటితో చూసి ఎవరూ తేడా చెప్పలేరు, పరీక్షాకేంద్రంలోని పరికరాలే చెప్పాలి. కాని దీని ధర సహజ వజ్రం ధరకంటే చాలా తక్కువ, పైగా ఇటీవలి సంవత్సరాలలో బాగా పడిపోయినది. తెలిసి కొంటే తప్పేమీ లేదు. సహజ వజ్రం ధరకు కొంటేనే నష్టం. మూడవది వజ్రాన్ని పోలిన ఇతర రాళ్లు: క్యూబిక్ జిర్కోనియా, మోయిసనైట్ మొదలైనవి. దుకాణాలలో వాడే చిన్న పరీక్ష పరికరం వేడి ప్రసారాన్ని బట్టి పనిచేస్తే మోయిసనైట్‌ను కూడా వజ్రమనే చూపగలదు. కనుక దుకాణంలో దీపం వెలిగినంత మాత్రాన నమ్మరాదు. రాయి ఈ మూడింటిలో ఏ తెగకు చెందినదో రసీదు మీద పూర్తి పేరుతో రాయించాలి. పొడి అక్షరాలను అంగీకరించకూడదు.

ఆ తరువాత చూడవలసినవి నాలుగు: తూకం, రంగు, స్వచ్ఛత, చెక్కడం. వజ్రపు తూకాన్ని క్యారెట్లలో చెబుతారు. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అందులో నూరవ వంతును పాయింట్ అంటారు. బంగారపు క్యారెట్ శుద్ధతను తెలుపుతుంది, వజ్రపు క్యారెట్ బరువును తెలుపుతుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోకూడదు. రంగును “డి” నుండి “జెడ్” వరకు అక్షరాలతో సూచిస్తారు. “డి” అంటే ఏ ఛాయా లేనిది. స్వచ్ఛత అంటే లోపలి మచ్చలు, చీలికలు ఎంత తక్కువగా ఉన్నవన్నది. ఇక రాయి మెరిసేది ప్రధానంగా చెక్కడాన్ని బట్టి. మన సూరత్ నగరంలో చెక్కిన వజ్రాలే నేడు ప్రపంచమంతటా పోతున్నవి. ఒక క్యారెట్ రాయి ధర, అర క్యారెట్ రాళ్లు రెండింటి ధరకంటే ఎక్కువగా ఉంటుంది. మధ్యతరగతి కుటుంబానికి పెద్ద రాయి ఒకటి కంటే బాగా చెక్కిన చిన్నరాళ్లే మేలు.

జీఐఏ, ఐజీఐ వంటి పరీక్షా సంస్థలు ఇచ్చే ధ్రువపత్రంలో ఈ వివరాలన్నీ ఉంటాయి. పత్రం మీది సంఖ్యను ఆ సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవచ్చు. కొన్ని రాళ్ల అంచు మీద అదే సంఖ్యను లేజరుతో చెక్కి ఉంటారు. భూతద్దంతో చూపించమని అడగడానికి మొహమాటపడరాదు.

మరొక ముఖ్యమైన సంగతి. దైవప్రవక్త (సఅసం) కాలంలో ఖైబర్ నాడు ఫజాలా బిన్ ఉబైద్ (రజి) అనే సహచరుడు బంగారమూ పూసలూ కలిసిన ఒక హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. తరువాత దానిని విడదీసి చూడగా అందులోని బంగారమే 12 దీనార్ల కంటే ఎక్కువ ఉన్నది. ఈ విషయం విన్నవించగా, విడదీయకుండా అటువంటి హారాన్ని అమ్మరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. ఇది కూడా సహీహ్ ముస్లింలో ఉన్నది. పద్నాలుగు వందల ఏళ్ల నాటి ఈ ఆదేశంలో మా కుటుంబపు పొరపాటుకు సమాధానం ఉన్నది. లోహం వేరు, రాయి వేరు. రెండింటినీ ఒకే ధరలో ముడివేస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. మన రసీదులో బంగారపు నికర తూకం, దాని శుద్ధత, రాళ్ల క్యారెట్లు, రాళ్ల ధర, మజూరీ, జీఎస్టీ వేరువేరు వరుసలలో ఉండాలి. వజ్రపు నగల్లో సాధారణంగా 18 లేదా 14 క్యారెట్ల బంగారం వాడతారు. దానికి 22 క్యారెట్ల ధర వేశారేమో చూడాలి. రాళ్ల బరువును బంగారం బరువులో కలిపారేమో చూడాలి.

బంగారం, వెండి ధరలు రోజూ పత్రికలో వస్తాయి. వజ్రానికి అటువంటి ధర లేదు. తిరిగి అమ్మబోతే కొన్న వెలలో ఎంతో తగ్గుతుంది. కాబట్టి ఆపదకు ఆదుకుంటుందన్న ఆశతో వజ్రం కొనరాదు. అలంకారానికి, స్తోమత ఉంటే, అప్పు చేయకుండా కొనవచ్చు. కొన్న వారంలోనే మరొక చోట పరీక్ష చేయించాలి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు 2019 నాటి చట్టం రెండేళ్ల గడువు పెట్టింది. మేము డబ్బా తెరిచేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి.

వజ్రం సంరక్షణ సులభమే. దానికి జిడ్డును పట్టుకునే గుణం ఉన్నది కనుక వంటచేతి నూనె తగిలితే మసకబారుతుంది. గోరువెచ్చని సబ్బునీటిలో కొద్దిసేపు నానబెట్టి మెత్తని బ్రష్షుతో తుడిస్తే మళ్లీ మెరుస్తుంది. అన్నింటికంటే గట్టిది కదా అని సుత్తితో కొట్టి పరీక్షించరాదు. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. దెబ్బకు వజ్రం చీలుతుంది. ఇతర నగలను గీరుతుంది కాబట్టి విడిగా దాచాలి. ఏడాదికొకసారి రాయిని పట్టుకున్న కొక్కేలు వదులైనవేమో కంసాలికి చూపించాలి.

జకాత్ లెక్క

వెండికి నిసాబ్ 52½ తులాలు. ఇది పాత తులం లెక్క. అంటే సుమారు 612 గ్రాములు. నేటి దుకాణాల్లో తులం అంటే 10 గ్రాములని వాడుతున్నారు కనుక 525 గ్రాములని పొరబడకూడదు. బంగారానికి నిసాబ్ 7½ తులాలు, అంటే సుమారు 87½ గ్రాములు. ధరించే నగలకు కూడా జకాత్ ఉన్నదని హనఫీ పండితులు చెబుతారు. మిగిలిన మూడు మజ్‌హబ్‌ల పండితులలో అధికులు సొంత వాడకపు నగలకు లేదంటారు. సొంతంగా ధరించే వజ్రానికి జకాత్ లేదు. అయితే హనఫీ లెక్క ప్రకారం దానిని పొదిగిన బంగారానికి ఉన్నది. కనుక రసీదులో రెండూ వేరుగా లేకపోతే జకాత్ లెక్క కూడా కుదరదు. కల్తీ ఉన్న వెండి, బంగారంతో కలిపి చూడవలసిన సందర్భాల గురించి మీ ప్రాంతపు ధర్మపండితులను అడిగి తెలుసుకోగలరు.

మేము ఇప్పుడు ఒక పుస్తకం పెట్టాము. ప్రతి వస్తువుకూ ఒక పుట. ఎవరిది, ఎప్పుడు వచ్చినది, తూకం ఎంత, టంచ్ ఎంత, రాళ్లు ఏవి అన్నది అందులో ఉన్నది. రసీదులు అదే పుస్తకంలో అంటించాము. జకాత్‌కు అదే ఆధారం, రేపు వారసత్వ పంపకానికీ అదే ఆధారం. “ఎవరిది” అన్న వరుసే అన్నింటికంటే ముఖ్యమైనది. మహర్ స్త్రీ సొంత ఆస్తి అని దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరా మొదట్లోనే స్పష్టం చేసినది.

ఇక మా మరదలి కమ్మల సంగతి. రాళ్లు వజ్రాలు కావని తెలిసిన రాత్రి తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. అతడు మోసం చేయలేదు, మోసపోయాడు. మస్జిద్ ఇమాము గారిని అడిగాము. మోసపోవడం నేరం కాదు, కాని చెప్పిన వస్తువు ఆమెకు చేరలేదు కనుక ఆ బాకీ ఇంకా భర్త మీదనే ఉన్నదని, వస్తువు గాని, ఆమె సమ్మతిస్తే దాని విలువ గాని ఇవ్వాలని ఆయన చెప్పారు. బంధువులలో ఒకరు “పోనీలే, మాఫీ చేసెయ్యి తల్లీ” అనబోయారు. జేజి వారిని ఆపింది. “ఆయమ్మ అడగకముందే మాఫీ మాట మీరెత్తద్దండి. అది ఆయమ్మ సొమ్ము. ఇష్టముంటే ఆయమ్మే చెప్తాది.”

మరదలు రెండు రోజులు ఆలోచించింది. మూడవ రోజు మా తల్లితో మెల్లగా చెప్పింది: “అత్తా, మాఫీ చెయ్యను. వజ్రాలు కూడా వద్దు. తూకానికి దొరికే వెండి ఇప్పించండి.” బంగారం వెల, మజూరీ పోగా రాళ్లకు పోయినది సుమారు 20,000 రూపాయలు. తమ్ముడు ఆరు నెలలలో ఆ సొమ్ము కూడబెట్టి ఆమె చేతికి ఇచ్చాడు. ఆ డబ్బుతో ఆమె స్వయంగా వెళ్లి, హాల్‌మార్కు చూసుకుని, తూకం వేయించి వెండి కొనుక్కున్నది. ఆ వివరం పుస్తకంలో తన పుటలో తన చేతితోనే రాసుకున్నది.

జేజి నల్లని కడియాలను కూడా ఆ వారంలోనే సోడానీటిలో కడిగాము. గిన్నెలో నుండి తీసేసరికి తెల్లని పూలు, తీగలు బయటపడ్డాయి. జేజి వాటిని ఒకసారి చేత్తో తడిమి చూసుకుని, జకాత్ సొమ్ము ఇచ్చేశారా అని అడిగింది. ఇచ్చామని చెప్పిన తరువాతనే వాటిని మళ్లీ పెట్టెలో పెట్టనిచ్చింది.